ఆ నీళ్ళు పోనివ్వకు

జూన్ 16

చివరి రోజుతో మొదలుపెట్టాలి అనేది మా ఆవిడ లీడా. మ్యూజియంలో పిల్లలకు ఓడ కథ ఎప్పుడు చెప్పినా అలాగే చెప్పేది. ఓడ పోతుందని ముందే తెలిస్తే దాని గురించి ఆత్రం తగ్గుతుంది, అప్పుడు అందులో ఉన్న మనుషుల గురించి వింటారని ఆమె నమ్మకం.

కాబట్టి ముందు ఓడ చివరి రోజు. 1718, జూన్ నెల. సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ నాలుగు ఓడలతో మన దీవి పక్క మొగలోకి వస్తున్నాడు. పెద్ద ఓడ ఇసుకమేట ఎక్కింది. లాగడానికి వచ్చిన చిన్న ఓడ కూడా ఎక్కింది. పెద్ద ఓడ తెరచాప స్తంభం బీటలిచ్చింది. విలువైనవి దించుకుని దొంగలు వెళ్ళిపోయారు. ఓడను అలలకు వదిలేశారు.

ఇక లీడా చివరి రోజు. అదీ జూన్ నెలే. పోయిన మంగళవారం. పొద్దున పొగమంచు. అత్తిపండ్ల జామ్ రాసుకుని రొట్టె సగం తింది. మిగతా సగం నా కంచంలో పెట్టింది. చలికాలం నుంచీ ఆయాసం ఉంది, ఆ రోజు కాస్త తక్కువగానే ఉంది. షెడ్డులోకి నడిచి వెళ్ళి తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను పడవ మోటారుకు ప్లగ్గు కొనడానికి బయల్దేరాను. గుమ్మం దాటుతుంటే, "ఆల్డెన్, ఆ నీళ్ళు పోనివ్వకు" అంది. "అలాగే" అన్నాను. తిరిగి వచ్చేసరికి కుర్చీలోనే ఉంది. ఒక చెయ్యి తొట్టి అంచు మీద ఉంది. కళ్ళద్దాలు ఒళ్ళో ఉన్నాయి.

నేను తెచ్చిన ప్లగ్గు సైజు తప్పు. ఇంకా మార్చుకోలేదు.

జూన్ 17

తొట్టిలో నీళ్ళు మార్చాను.

జూన్ 18

మార్చాను.

జూన్ 21

బర్గెస్ వచ్చాడు. లీడా అన్న. మొక్కజొన్న పిండి ఉండలు వేసి వండిన పీతల పులుసు తెచ్చాడు. గిన్నె కింద పెట్టకుండానే షెడ్డు వైపు చూశాడు.

"ఏం ప్రొఫెసరూ, నువ్వేమన్నా తింటున్నావా, లేక ఆ రాయికి నీళ్ళు తాగించడమే పనా?"

కాలేజీలో చదివానని, హైస్కూల్లో లెక్కలు చెప్పానని నన్ను ప్రొఫెసర్ అంటాడు. కాస్త హుషారుగా ఉంటే డింగ్‌బ్యాటర్ అంటాడు. దీవిలో పుట్టనివాణ్ణి దీవిలో అలా అంటారు. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా నేను డింగ్‌బ్యాటర్‌నే.

"తింటున్నాను."

"అబద్ధం. ఆ బెల్టు చూడు, కొత్తగా చిల్లు పొడిచావు."

షెడ్డులోకి వెళ్ళి తొట్టి చుట్టూ తిరిగాడు. ముద్ద అడుగున ఉంది. గుమ్మడికాయంత ఉంటుంది. ఇసుక, గుల్లలు, తుప్పు కలిసి రాయిలా బిగిసిపోయాయి. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఈ అన్నాచెల్లెళ్ళ చిన్నప్పుడు, మొగ దగ్గర, వాళ్ళ నాన్న కెప్టెన్ మర్డాక్ గిల్లికిన్ రొయ్యల వలలో పడింది. ఆయన దానికి తాడు కట్టి రేవు కింద వేసి, పడవకు లంగరుగా వాడుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత బ్లాక్‌బియర్డ్ ఓడ శిథిలం దొరికిందని పేపర్లో వచ్చింది. ఆ పేపరు చేత్తో పట్టుకునే లీడా రేవు దగ్గరికి పరిగెత్తింది. లంగరు పైకి లాగించింది. అప్పటి నుంచి అది తొట్టిలో ఉంది. సముద్రంలో అన్నేళ్ళు నానినది గాలికి ఎండితే పొడైపోతుందని చెప్పేది.

"కమిటీ వాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు బర్గెస్. "ఆగస్టులో దొంగల పండక్కి చెల్లెలి బదులు ఓడ కథ నువ్వు చెప్పాలంట. ఈ ముద్ద తీసుకెళ్ళి బల్ల మీద పెడదాం. పండగయ్యాక మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టి, కింద ఇత్తడి రేకు మీద నాన్న పేరు కొట్టిస్తారు."

"నీళ్ళలోంచి తీస్తే పాడైపోతుంది."

"మూడొందల ఏళ్ళు పాడవనిది ఒక్క శనివారానికి పాడైపోతుందా?"

"అసలు అది ప్రభుత్వానిది బర్గెస్. ఆ ఓడలో ప్రతి ముక్కా వాళ్ళదే."

"గజదొంగ సొమ్ము మా నాన్న వల్లో పడితే గవర్నమెంటుదెట్లా అవుద్దయ్యా! ఇందులో దొంగెవరో నువ్వే తేల్చు, లెక్కల మేష్టారివి కదా."

తన మాటకు తానే నవ్వాడు. ఆ నవ్వు లీడాది. నేను గొట్టం చుట్టడం మొదలుపెట్టాను.

కథ చెబుతానన్నాను. ముద్ద సంగతి తర్వాత చూద్దామన్నాను. లీడా నన్ను అడిగింది ఒక్కటే. ఎండనివ్వను.

జూన్ 25

నీళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. మార్చాను.

జూన్ 28

కథ రాయడానికి కూర్చున్నాను. లీడా ఎక్కడా రాసుకోలేదు. నోటితోనే చెప్పేది. నేను వెనక వరసలో కూర్చుని వినేవాణ్ణి. విన్నాననే అనుకున్నాను.

చివరి రోజు తర్వాత పేరు దగ్గరికి వచ్చేది. "ఊరంతా దీన్ని రివెంజ్ అంటారు. ఆ పేరుతో ఇది బతికింది ఏడాది కూడా లేదు" అనేది. అంతకు ముందు దాని పేరు కాంకోర్డ్. ఫ్రెంచి ఓడ. కాంకోర్డ్ అంటే సామరస్యం. నాంత్ రేవులో బయల్దేరి ఆఫ్రికా వెళ్ళేది. అక్కడ మనుషుల్ని ఎక్కించుకునేది. కరీబియన్ దీవుల్లో వాళ్ళను అమ్మేసి, పంచదార నింపుకుని ఇంటికి పోయేది. ఇక్కడ ఆగి, ఎదురుగా ఉన్న మొహాలు చూసేది. ఒక కంటికి నల్లగుడ్డ, చేతిలో అట్టకత్తి, అలాంటి పిల్లలు. వాళ్ళ తల్లులు గడియారాలు చూసుకునేవాళ్ళు.

కమిటీ వాళ్ళు ఒకసారి ఆ భాగం తగ్గించమన్నారు. "సరే, అయితే దొంగల భాగం కూడా తగ్గిస్తా. రెండూ ఒకే ఓడ కదా" అంది. మళ్ళీ ఎవరూ అడగలేదు.

తర్వాత ఏం చెప్పేదో గుర్తుంది. ఎలా చెప్పేదో గుర్తు రావడం లేదు. లేచాను. నీళ్ళు చూసి వచ్చాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

జూలై 2

అవతలి ఒడ్డుకు పోదామని ఫెర్రీ రేవు దాకా వెళ్ళాను. కారు వరసలో పెట్టాను. నా వంతు వచ్చాక పక్కకు తిప్పేశాను.

"ఏం మర్చిపోయారు?" అని అడిగింది టికెట్ల దగ్గరావిడ.

"నీళ్ళు" అన్నాను.

ఆవిడ తన సీసా తీసి ఇవ్వబోయింది.

ఇంటికి వచ్చి అల్మారాలన్నీ సర్దాను. లీడా నీలం కప్పు, చెవి విరిగింది, ఎక్కడా లేదు. సర్దినవన్నీ మళ్ళీ తీశాను.

జూలై 3

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మార్చాను. ఎండాకాలం కదా.

జూలై 8

పడవ ఇంకా ఒడ్డునే ఉంది. దాని వెనక లీడా రాసిన ఎర్ర అక్షరాలు వెలిశాయి. చెడ్డ ఎదురు.

ఆ పేరు ఓడ కథలోదే. దొంగలు కాంకోర్డ్‌ను పట్టుకున్నాక ఫ్రెంచివాళ్ళకు తమ దగ్గరున్న చిన్న నావ ఒకటి వదిలారు. వాళ్ళు దానికి పెట్టుకున్న పేరది. బయల్దేరిన వేళ ఎవడు ఎదురొచ్చాడో అన్నట్టు. ఈ పేరు దగ్గర పిల్లలు తప్పకుండా నవ్వేవాళ్ళు. తర్వాత లీడా ఇంకేదో అనేది.

మా పడవకు ఆ పేరెందుకని ఎవరైనా అడిగితే నన్ను చూపించేది. "ఇదిగో ఈయనే. నేను వల ఆరేసుకుంటుంటే అద్దె పడవేసుకొచ్చి మా రేవును గుద్దాడు. నాన్న తుపాకీ తెమ్మన్నాడు. నేను కాఫీ తెచ్చాను."

నిజమే. గుద్దాను. అప్పుడు నాకు ఇరవై నాలుగు. రేవులో ఒక స్తంభం ఇప్పటికీ వంకరే.

నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మార్చాను.

జూలై 13

బర్గెస్ తలుపు కొట్టడు. పెరట్లో నుంచే తిట్టుకుంటూ వస్తాడు.

"ఇదేందిది, షెడ్డు చుట్టూ ఇంత బురద? రొయ్యల చెరువేమన్నా తవ్వుతున్నావా?"

తొట్టిలోకి వంగి చూశాడు.

"ఇవి నీళ్ళా, టీ నా?"

"ఎండాకాలం" అన్నాను.

"ఎండాకాలం ఈ ఏడే కనిపెట్టారా? చెల్లెలున్నప్పుడు అడుగున చిల్లర పడితే బొమ్మో బొరుసో పైనుంచి చెప్పేవాణ్ణి."

"రోజూ మారుస్తున్నాను. రెండు పూటలా."

"చెల్లెలు నీళ్ళు మార్చడం నేనెప్పుడూ చూళ్ళేదే."

"నువ్వు చూసిందెప్పుడు? నువ్వు వచ్చేది భోజనం వేళకే కదా."

అనకుండా ఉండాల్సింది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పండక్కి ముద్ద వస్తదా రాదా?" అని అడిగాడు. రాదన్నాను. "అది నీ ఒక్కడిది కాదు. మా నాన్న చేతులు కోసుకుపోయేలా లాగిన ముద్ద అది" అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఈసారి తెచ్చిన గిన్నె ఇక్కడే మర్చిపోయాడు. మర్చిపోలేదు. మూత తీస్తే ఇంకా వేడిగా ఉంది.

జూలై 14

వేడికి ఏ చర్యైనా వేగం పెరుగుతుంది. తుప్పు కూడా అంతే. ఇది మామూలే.

జూలై 15

మార్చాను. మామూలే.

జూలై 17

మళ్ళీ కథ. ఓడ రివెంజ్‌గా ఉన్న ఆ కొద్ది నెలలు. పిల్లలకు ఇష్టమైన భాగం ఇదే. ఫిరంగులు, చార్లెస్టన్ రేవు. బ్లాక్‌బియర్డ్ ఆ రేవు మొగదల ఓడలు అడ్డం పెట్టి, ఊరి ప్రముఖుల్ని బందీలుగా పట్టుకున్నాడు. వాళ్ళను వదలడానికి ఏం అడిగాడో చెప్పమనేది లీడా. బంగారం అని అరిచేవాళ్ళు. వజ్రాలు. రాజుగారి కిరీటం.

మందుల పెట్టె. అంతే అడిగాడు. ఊరు గజగజలాడి పంపించింది.

"అంత భయంకరమైన దొంగకీ ఒంట్లో బాగుండలేదు" అనేది.

ఆమె మందుల పెట్టె ఇంకా వంటింటి గూట్లో ఉంది. అది ఎవరికీ అక్కర్లేదు.

జూలై 20

ముద్ద నుంచి ఒక పెచ్చు ఊడింది. అరచెయ్యంత. కింద నల్లగా, మెత్తగా ఉంది. పెచ్చును మళ్ళీ దాని చోట్లోనే ఆనించి పెట్టాను. దూరం నుంచి తెలియదు.

జూలై 21

దగ్గర నుంచి తెలుస్తుంది.

జూలై 24

తెల్లారకముందే లేస్తున్నాను. మారుస్తున్నాను. కాఫీ పెడుతున్నాను. ఎర్రబడ్డాయేమోనని చూస్తున్నాను. కాఫీ చల్లారుతోంది.

ఇంత చేస్తున్నాను కదా.

జూలై 28

తుఫాను హెచ్చరిక. దీవి అంతా సుత్తి చప్పుళ్ళు. పడవలన్నీ వాగులోకి చేరుస్తున్నారు. షెడ్డు కప్పు పోయినసారి గాలికే సగం లేచింది, ఈసారి నిలబడదు. తొట్టిని ఒక్కణ్ణీ లాగబోయాను. కదల్లేదు.

బర్గెస్ ట్రక్కు వచ్చి ఆగింది. ఆ గొడవ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

"పట్టు" అన్నాడు.

పట్టాను. నీళ్ళు సగం తోడి, ఇద్దరం వంటింట్లోకి చేర్చాం. మధ్యలో ఒకసారి నా వేలు నలిగింది. "చూసుకో డింగ్‌బ్యాటర్" అన్నాడు. దాంతో సరిపోయింది.

తొట్టి లేచిన చోట, గోడవార, ఒక కాగితం సంచి ఉంది. బట్టల సోడా. సగం ఖాళీ. లోపల కొలతకు వేసిన కప్పు. నీలం కప్పు, చెవి విరిగింది.

"బట్టల సోడా షెడ్డులో ఎందుకు? బట్టలు ఇక్కడ ఉతికేదా ఏంటి?" అన్నాడు బర్గెస్.

"ఏమో."

"ఏమోనా! పెళ్ళాం బట్టలెక్కడ ఉతికేదో తెలీదా నీకు?"

నవ్వబోయి ఆగిపోయాడు. సంచిలోకి చూశాడు. తడి నేల మీద తొట్టి మచ్చ చూశాడు. సంచి మూతి మడిచి నా చేతిలో పెట్టాడు. 

జూలై 29

గాలి. కరెంటు లేదు. ముద్ద నా కాళ్ళ పక్కనే ఉంది.

సోడా బట్టలకే అయ్యుంటుంది.

జూలై 31

గాలి వెళ్ళిపోయింది. షెడ్డు కప్పు వెళ్ళిపోయింది. ఫోన్లు వచ్చాయి.

గ్రీన్‌విల్‌లో ఓడ సామాను శుభ్రపరిచే లాబ్ ఉంది. లీడా ఏడాదికోసారి వెళ్ళేది. నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఆమె లోపల ఉన్నంతసేపూ కార్లో కూర్చుని పదకేళి నింపేవాణ్ణి. అక్కడ ఒడెస్సా టిల్లరీ అనే ఆవిడ పేరు చెబుతుండేది. ఆవిడకు ఫోన్ చేశాను. లీడా పోయిందని చెప్పాను.

"అయ్యో... నాకు తెలీదండీ" అంది. "మీరు కార్లో కూర్చునే ఆయన కదూ?"

"అవును."

"లోపలికి రమ్మనమని ఎన్నిసార్లు చెప్పానో. ఆయనకి వాసన పడదు అనేది."

నాకు వాసన పడకపోవడమేమీ లేదు. లీడా నా తరఫున కల్పించింది.

ముద్ద సంగతి చెప్పాను. లీడా ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదట. "ఎవరిదో ముద్ద ఉందనుకోండి, ఎలా దాచుకోవాలి అని మాత్రం అడిగింది" అంది. "ఆ 'ఎవరిదో' ఎవరిదో నాకప్పుడే అర్థమైంది. తీసుకురమ్మన్నాను. వచ్చే ఏడు తెస్తా అనేది ప్రతి ఏడూ." తర్వాత గొంతు మారింది. "ఇప్పుడు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

"టీ రంగు."

"ఎన్నాళ్ళకోసారి మారుస్తున్నారు?"

"రోజూ. రెండుసార్లు."



"మిస్టర్ ఫుల్చర్, కొత్త నీళ్ళలో గాలి కలిసి ఉంటుంది. అందుకే తుప్పు లేస్తోంది. సోడా కలిపి, మూత పెట్టి, కదపకుండా ఉంచమని చెప్పాను ఆవిడకి. అలా కుదురుకున్న నీళ్ళను ఊరికే పారబొయ్యకూడదు. ఆ నీళ్ళే దాన్ని కాపాడేది."

ఆ నీళ్ళు పోనివ్వకు.

ఎండనివ్వకు అన్నదనుకున్నాను. లీడా ఆ నీళ్ళు అంది. తొట్టిలో ఉన్న నీళ్ళు. చెయ్యి ఆనించుకుని కూర్చున్న నీళ్ళు. మర్నాటి నుంచే నేను అవి పారబోశాను, మొక్కలకు.

"లోపల ఇనుము మిగిలి ఉంటుందా?" అని అడిగాను.

"ఎక్స్‌రే తీస్తే గానీ చెప్పలేను. చాలావాటిల్లో ఇనుము మా దాకా రాకముందే కరిగిపోయి ఉంటుందండీ. అదంతా ఈ వేసవిలోనే జరిగిందని మాత్రం అనుకోకండి. సముద్రం మీకంటే ముందు మొదలుపెట్టింది."

"పోయి ఉంటే ఏం మిగులుతుంది?"

"ఖాళీ. ఆ వస్తువు ఏ ఆకారంలో ఉండేదో ఖాళీ కూడా అదే ఆకారంలో ఉంటుంది. అందులో పోత పోసి, గట్టిపడ్డాక పైపెంకు వలిచేస్తాం. మేకైతే మేకు, గొలుసైతే గొలుసు. సుత్తి దెబ్బల గుర్తులతో సహా వస్తాయి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏళ్ళు. తీసుకొస్తారా?"

"ఆలోచించి చెబుతాను."

"సోడా మాత్రం ఇప్పుడే వెయ్యండి. ఆలోచన తర్వాత."

ఎంత వెయ్యాలో చెప్పింది. నీలం కప్పుతో కొలిచి వేశాను. మూత పెట్టాను. దాని మీద బర్గెస్ గిన్నె పెట్టాను, గాలికి లేవకుండా. వంటింట్లో గాలి లేదు.

ఆగస్టు 1

మార్చలేదు.

ఆగస్టు 2

మార్చలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. బజారుకెళ్ళి ప్లగ్గు మార్చుకొచ్చాను.

ఆగస్టు 5

బర్గెస్‌కు అంతా చెప్పాను. సోడా, లాబ్, ఏళ్ళు. అద్దాల పెట్టెలో పొడిగా పెడితే ఏమవుతుందో కూడా. విన్నాడు.

"అయితే నాన్న పేరు?"

"దొరికింది ఎవరికో రాసి పెడతారట. అడిగాను."

"ఆ ఆఫీసోళ్ళు సరిగ్గా రాస్తారా? గిల్లికిన్‌కి రెండు ఎల్లులు."

"నేను చూస్తాను."

"నువ్వు చూస్తావులే. తప్పులు పట్టడమే కదా నీ ఉద్యోగం." కుర్చీ వెనక్కి వాల్చాడు. "నేనైతే ఇస్తా. మ్యూజియంలో ఉన్నా లాబ్‌లో ఉన్నా నాన్న నాన్నే. నువ్విస్తావా అనేదే నా ప్రశ్న."

"ఎందుకివ్వను?"

"ఇచ్చేస్తే రేపు పొద్దున లేచి ఏం చేస్తావు?"

 ఈసారి గిన్నె తీసుకుని వెళ్ళాడు.

ఆగస్టు 6

ఇంకో ఏడాది ఇక్కడే ఉంచుకోవచ్చు. సోడా ఉంది. ఎలాగో తెలిసింది. వచ్చే ఏడు తీసుకెళ్ళొచ్చు.

ఆగస్టు 7

లీడా కూడా ప్రతి ఏడూ అదే అంది.

ఆగస్టు 9

దొంగల పండగ. ఊరు ఊరంతా ఎర్ర తలగుడ్డలు. బర్గెస్ ఈక టోపీ పెట్టుకుని, బొగ్గుతో గడ్డం దిద్దుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ముద్ద పెడదామనుకున్న బల్ల మీద కెప్టెన్ మర్డాక్ ఫోటో పెట్టాడు.

చివరి రోజుతో మొదలుపెట్టాను.  పేరు చెప్పాను. నాంత్, ఆఫ్రికా. కరీబియన్‌లో మార్టినిక్ దీవి దగ్గరికి వచ్చేసరికి నావికులు జబ్బుపడి ఉన్నారు, పోరాడలేకపోయారు. దొంగలు ఓడ తీసుకున్నారు. వడ్రంగిని, వంటవాణ్ణి, వైద్యుల్ని తీసుకున్నారు. ఫ్రెంచివాళ్ళకు చిన్న నావ వదిలారు. వాళ్ళు దానికి చెడ్డ ఎదురు అని పేరు పెట్టుకున్నారు.

నవ్వారు. లీడాకు నవ్వినట్టే నాకూ నవ్వారు. ఆ నవ్వు వినగానే ఆమె తర్వాత ఏమనేదో వచ్చేసింది. రాసుకున్న కాగితం కింద పెట్టాను.

"చెడ్డ ఎదురు ఎవరికి?" అని అడిగాను.

ఆమె అలాగే అడిగేది. నవ్వు పూర్తిగా ఆగాక, మెల్లగా.

ఆ రోజు ఓడలో నాలుగు వందలకు పైగా బందీలున్నారు. దొంగలు కొందరిని తమతో ఉంచుకున్నారు. మిగిలినవాళ్ళను ఒక దీవిలో, ఫ్రెంచివాళ్ళ దగ్గరే వదిలేశారు. నవ్వొచ్చే పేరున్న ఆ చిన్న నావలోనే, ఒకటికి రెండు విడతలుగా, ఫ్రెంచివాళ్ళు వాళ్ళను మార్టినిక్ చేర్చారు. అనుకున్నట్టే అమ్మారు. దొంగలు ఓడను ఎత్తుకుపోయారు. మనుషుల్ని మాత్రం యజమానులకు జాగ్రత్తగా అప్పగించారు.

ఎవరూ గడియారం చూసుకోలేదు. చూసుకున్నా నేను చూడలేదు.

రెండో వరసలో ఒకావిడ చెయ్యెత్తింది. "వాళ్ళ పేర్లేమన్నా తెలుసా?"

"మా ఆవిడ చాలా వెతికింది. దొరకలేదు. ఓడ పేర్లన్నీ దొరికాయి."

వెనక నుంచి ఎవరో టూరిస్టు, "సముద్రంలో దొరికిన ముద్ద చూపిస్తారన్నారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా బర్గెస్ వెనక్కి తిరిగాడు. ఈక ఊగింది. "అది చూపించేది కాదు బాబూ. నానుతోంది. దాని పని దాన్ని చేసుకోనియ్యి."

దిగి వస్తుంటే ఆ టూరిస్టే బర్గెస్‌ను అడుగుతున్నాడు, ఈ చెప్పినాయన ఎవరు, ఇక్కడివాడిలా లేడే అని.

"ఇక్కడోడు కాదు" అన్నాడు బర్గెస్. "డింగ్‌బ్యాటర్. మా డింగ్‌బ్యాటర్."

ఆగస్టు 10

మూత తీసి చూశాను. నీళ్ళు తేరాయి. అడుగున ముద్ద, పక్కన పెచ్చు, స్పష్టంగా ఉన్నాయి. జేబులోంచి ఒక నాణెం వేశాను. బొరుసు. తీసేసి మూత పెట్టాను.

పడవ మోటారు కొత్త ప్లగ్గుతో అందుకుంది. వంకర స్తంభం దాకా వెళ్ళి వచ్చాను.

ఒడెస్సా టిల్లరీ ఇంటికి ఫోన్ చేశాను. వస్తున్నామన్నాను. సంచిలో మిగిలిన సోడా ఏం చెయ్యమంటారని అడిగితే, బట్టలుతుక్కోండి అంది.

రేపు పొద్దున బర్గెస్ ట్రక్కు తెస్తాడు. తొట్టిని ఆ నీళ్ళతోనే ఎక్కిస్తాం, ఒక్క చెంబు కూడా తియ్యకుండా. ముందు సీట్లో కూర్చోమన్నాడు. కూర్చోను. గ్రీన్‌విల్ దాకా వెనకే కూర్చుని, తొణక్కుండా మూత మీద రెండు చేతులూ ఆనించి పట్టుకుంటాను. లాబ్ దగ్గర దిగుతాను. ఈసారి లోపలికి వెళ్తాను.